జెనీవా వాచీల సంతలో ఒక గురువారం

జెనీవా వాచీల సంత 'వాచెస్ అండ్ వండర్స్'కి బ్యాడ్జి దొరకడం ఒక ఎత్తు, అపాయింట్‌మెంట్లు దొరకడం ఇంకో ఎత్తు. మీడియా బ్యాడ్జి మెడలో వేసుకుని లోపలికి వెళ్తే ఏ వాచీ కావాలంటే ఆ వాచీ చేతిలో పెడతారని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ ఉండదు. ఒక్కో బ్రాండుకీ ముందే మెయిల్ రాయాలి. మనమెవరో, ఎవరి కోసం రాస్తామో చెప్పుకోవాలి. వాళ్ళు ఏ అరగంట ఇస్తే ఆ అరగంటకి తలూపాలి. పెద్ద పత్రికలవాళ్ళు పంచుకోగా మిగిలినవే మన దాకా వస్తాయి. మాకు కొందరు వెంటనే రమ్మని రాశారు, కొందరు వచ్చే ఏడాది చూద్దామని మర్యాదగా తప్పించుకున్నారు, కొందరైతే ఉలకలేదు, పలకలేదు. పేర్లెందుకు లెండి, మళ్ళీ వాళ్ళకే మెయిల్ రాయాలి.

మేం అంటే నేనూ, మా బావా. బావ బెర్న్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నాది స్టుట్‌గార్ట్‌లో కారు విడిభాగాల డిజైన్ పని. ఇద్దరికీ వాచీల పిచ్చి. ఫొటోలు బావ తీస్తాడు, రాత నాది, మణికట్టు కూడా నాదే. బావ చేతి మీద వెంట్రుకలు క్లోజప్‌లో బాగోవని మా అక్క ఎప్పుడో తేల్చేసింది. మేం చూసినవి వెళ్ళేది ఒక తెలుగు మిత్రబృందానికి. ఒక్క హెచ్ఎంటీ జనతాతో సంతోషంగా ఉన్నవాళ్ళ దగ్గర్నుంచి, బీరువాలో రెండు మూడు రోలెక్స్‌లున్న హ్యూస్టన్ డాక్టర్ల దాకా అందరూ ఉన్నారు అందులో. మేం భయపడేది మాత్రం ఒక్కరికే. తెనాలిలో వాచీలు బాగుచేసే బాబాయ్. నాకు సొంత బాబాయేమీ కాదు, ఊరందరికీ బాబాయే. డయల్ ఎంత అందంగా ఫొటో తీసి పంపినా ఆయన జవాబు ఒకటే: "వెనక్కి తిప్పి చూపించు నాయనా."

పైసా రాదు. ఆఫీసులో సెలవు పెట్టుకుని, టికెట్లు సొంతంగా కొనుక్కుని వెళ్ళే వ్యవహారం ఇది.

2025లో 'వాచెస్ అండ్ వండర్స్' ఏప్రిల్ 1 నుంచి 7 దాకా జరిగింది. జెనీవా ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న పాలెక్స్‌పోలో 60 బ్రాండ్లు. ఒకప్పుడు జెనీవా కార్ల షో జరిగిన హాళ్ళే అవి. కార్ల షో మూతపడింది, వాచీల సంత మాత్రం ఏడాదికేడాది పెరుగుతోంది. వెనకటి తరానికి సంతంటే బాసెల్. స్విట్జర్లాండ్‌లోని ఆ ఊళ్ళో 1917లో మొదలైన ప్రదర్శన అది. 2018లో, చాలా బ్రాండ్లు చేతిలో ఉన్న స్వాచ్ గ్రూపు తప్పుకుంది. 2020 ఏప్రిల్‌లో రోలెక్స్, పటెక్ ఫిలిప్, షోపార్, షనెల్, ట్యూడర్ కలిసికట్టుగా బయటికొచ్చేశాయి. ఆ దెబ్బకి బాసెల్ మళ్ళీ లేవలేదు. ఇప్పుడు ఎవరికైనా జెనీవాయే దిక్కు.

మేం వెళ్ళిన గురువారం, ఏప్రిల్ 3, మామూలు గురువారం కాదు. ముందు రోజు రాత్రి, జెనీవా టైమ్ పదింటికి, ట్రంప్ ఒక బోర్డు పట్టుకుని దేశాల వారీగా సుంకాలు చదివారు. యూరోపియన్ యూనియన్‌కి 20 శాతం, జపాన్‌కి 24, ఇండియాకి 26, స్విట్జర్లాండ్‌కి 31. స్విస్ వాచీలు అన్నిటికంటే ఎక్కువగా కొనేది అమెరికాయే. 2024లో అక్కడికి వెళ్ళిన సరుకు విలువ దాదాపు 440 కోట్ల ఫ్రాంకులు. చైనాలో అమ్మకాలు అప్పటికే పడిపోయి ఉన్నాయి. అలాంటి సమయంలో, వాచీలవాళ్ళంతా ఒకే కప్పు కింద ఉన్న వారంలో, ఈ కబురు.

ఆ వారం జెనీవాలో హోటల్ గది అద్దె వింటే గుండె గుభేలుమంటుంది. అందుకని సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని అన్నెమాస్‌లో దిగాం. పొద్దున్నే లేమాన్ ఎక్స్‌ప్రెస్ రైలెక్కి, జెనీవా పెద్ద స్టేషన్ కోర్నవాన్‌లో దిగి, ఎయిర్‌పోర్టు రైలు పట్టుకుంటే ఇంకో ఏడు నిమిషాలు. రైల్లో బ్యాడ్జీలవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎవరి కళ్ళు చూసినా ఫోన్లోనే. రోజూ ఎవరెవరు ఏ వాచీ పెట్టుకున్నారా అని మణికట్ల వైపు దొంగచూపులు చూసుకునే జనం, ఆ రోజు ఆ ఊసే మర్చిపోయారు.

మా మొదటి అరగంట జపాన్ బ్రాండు గ్రాండ్ సీకోతో. ఈ అరగంట ఎలా గడుస్తుందో చెప్పాలి, ఎందుకంటే ఏ బ్రాండు దగ్గరైనా వరస ఇంచుమించు ఇదే. కిటికీల్లేని చిన్న గది. నలుగురైదుగురు విలేకరులు, మధ్యలో బల్ల. సూటు వేసుకున్న మనిషి మఖమల్ పరిచిన ట్రే తెచ్చి పెడతాడు. మొదటి పది నిమిషాలు కథ చెబుతాడు, తెర మీద బొమ్మలు చూపిస్తాడు. ఆ తర్వాత ట్రే చేతులు మారుతుంది. అసలు పని అక్కడ మొదలవుతుంది, ఒక్కొక్కరికీ దక్కేది మాత్రం రెండు మూడు నిమిషాలే. ఆ కాస్త టైమ్‌లో బావ డయల్, పక్క, వెనక, చైను కొక్కెం వరసగా లాగించాలి. నేను చేతికి పెట్టుకుని, మందం ఎలా కూర్చుందో, పట్టా తగిలించే కొమ్ములు మణికట్టు దాటి బయటికొచ్చాయో లేదో చూసుకుని, రాసుకోవాలి.

వాచీని ఫొటో తీయడం పెళ్ళికూతుర్ని తీసినంత సులువు కాదంటాడు బావ. గ్లాసులో పైన దీపం కనిపిస్తుంది, కెమెరా కనిపిస్తుంది, కెమెరా వెనకాల బట్టతల కూడా కనిపిస్తుంది. అందుకే నల్ల చొక్కా వేసుకొస్తాడు. సంచీలో ఒక నల్ల అట్టముక్క, గాలి ఊదే రబ్బరు బుడ్డి, మెత్తటి గుడ్డ ఉంటాయి. మాక్రో లెన్సులో దుమ్ము కణం రాయంత కనిపిస్తుంది. మనకంటే ముందు పదిమంది పట్టుకున్న వాచీ మీద వేలిముద్రలు లేకుండా ఉండవు. తుడవడానికే అర నిమిషం పోతుంది. ముళ్ళు పదీ పది దగ్గర ఉంటే డయల్ మీద పేరు, తేదీ కనిపిస్తాయి గానీ, కీ లాగి ముళ్ళు తిప్పుకోనివ్వరు కొన్నిచోట్ల, ఎందుకంటే ట్రేలో ఉన్నవి చాలావరకు నమూనాలు. ఒక్కోసారి సెకన్ల ముల్లు అసలు కదలదు.

గ్రాండ్ సీకో వాచీ మాత్రం కదిలింది. కదలడమంటే మామూలు కదలడం కాదు. దాని సెకన్ల ముల్లు టిక్కు టిక్కుమనదు, జారుతూ పోతుంది. లోపలున్నది స్ప్రింగ్ డ్రైవ్. శక్తి ఇచ్చేది మామూలు కీ వాచీలో ఉన్నలాంటి స్ప్రింగే. బ్యాటరీ ఉండదు. స్ప్రింగు విప్పుకుంటూ చక్రాలు తిప్పుతుంది, చివరి చక్రం తిరిగేటప్పుడు రవ్వంత కరెంటు పుడుతుంది. ఆ కరెంటుతో ఒక క్వార్ట్జ్ స్ఫటికం, చిన్న చిప్పు పనిచేసి, చక్రం తొందరపడకుండా అయస్కాంతంతో బ్రేకు వేస్తాయి. యోషికాజు అకహానె అనే ఇంజినీరుకి ఈ ఆలోచన 1977లో వచ్చింది. వాచీ బజారుకొచ్చింది 1999లో. ఆయన 1998లోనే పోయారు.

కొత్తగా తెచ్చిన మోడల్ పేరు యు.ఎఫ్.ఎ. ఏడాదికి 20 సెకన్లకి మించి అటూ ఇటూ కాదంటారు. మామూలు ఆటోమేటిక్ వాచీ నాలుగైదు రోజుల్లో తప్పేంత తేడా అది, ఇక్కడ ఏడాది మొత్తానికి. స్ఫటికాన్ని మూడు నెలలు అలా ఉంచి, దాని గుణం స్థిరపడ్డాకే వాడతారట. తర్వాత చిప్పుతో కలిపి గాలి లేకుండా మూసేస్తారు. కాలం గడిచేకొద్దీ స్ఫటికం కాస్త దారి తప్పితే సర్వీసులో సరిచేయడానికి లోపల ఒక మీట పెట్టారు. బాబాయ్‌కి ఇది నచ్చుతుందని అప్పుడే అనుకున్నాను. 37 మి.మీ. కేసు. నా సన్నటి మణికట్టు మీద అతికినట్టు కూర్చుంది. డయల్ మీద మంచు పట్టిన చెట్ల గీతలు. ఫొటోలో నీలమో తెలుపో తేలని రంగు, చేతిలో తిప్పితే వెండి. బావ నలభై ఫొటోలు తీశాడు, ఒక్కదాంట్లో కూడా ఆ రంగు పడలేదు.

ఆ గదిలో ఉన్న ఒక అమెరికన్ పెద్దాయన మాత్రం వాచీ పెట్టుకోలేదు. ధర అడిగారు. చెప్పిన అంకెకి 24 శాతం కలిపి ఫోన్లో లెక్క వేసుకుని, ఫోను జేబులో పెట్టేసుకున్నారు.

తర్వాత బుల్గారి. ఈ సంతకి రావడం వాళ్ళకి ఇదే మొదటిసారి. వస్తూనే పల్చదనంలో ఒక రికార్డు పట్టుకొచ్చారు. ఆక్టో ఫినిస్సిమో అల్ట్రా టూర్బియోన్ మొత్తం మందం 1.85 మి.మీ. మన పది రూపాయల బిళ్ళ ఎంత మందమో ఇంచుమించు అంతే. అందులో స్ప్రింగు, చక్రాలు, వాచీ గుండెకాయని మోస్తూ గుండ్రంగా తిరిగే టూర్బియోన్ పంజరం, గ్లాసు, అన్నీ ఉన్నాయి. అడుగు పలక వేరు, వాచీ వెనక మూత వేరు అని ఉండదు. రెండూ ఒకటే, టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేసింది. మెత్తటి లోహమైతే అంత పల్చటి పలక వంగిపోతుంది. మామూలుగా పక్కన ఉండే కీ ఇందులో ఎక్కడ పడుతుంది? దాని బదులు పడుకోబెట్టిన పళ్ళచక్రాలు పెట్టారు, వేలితో తోస్తే తిరుగుతాయి.

చూపించినావిడ దాన్ని నిలువుగా పట్టుకుంది. పక్కనుంచి గీతలా ఉంది. నాకు నోట మాట రాలేదు, నిజం. అయినా బయటికొచ్చాక బావతో అన్నాను, ఇది వాచీ కంటే పందెం ఎక్కువ అని. "పందెంలో కోడి గెలవాలిగా మరి" అన్నాడు బావ. భీమవరం పెళ్ళిళ్ళకి వెళ్ళొచ్చి వెళ్ళొచ్చి అతని మాటలు అలా తయారయ్యాయి.

అపాయింట్‌మెంట్ల మధ్య దొరికిన ఖాళీలో రోలెక్స్ అద్దాల ముందు నిలబడ్డాం. మేమే కాదు, ఆ వారం సంతంతా అక్కడే నిలబడింది. రోలెక్స్ ఎప్పుడో గానీ సరికొత్త పేరుతో వాచీ తేదు. ఈసారి ల్యాండ్-డ్వెల్లర్. చైను కేసులోంచి సాగినట్టు కలిసిపోయి ఉంటుంది. డయల్ మీద తేనెపట్టు గళ్ళు. నిజం చెప్పాలంటే డయల్ నాకంతగా ఎక్కలేదు, గళ్ళు ఎక్కువయ్యాయి. అందరూ డయల్ గురించే కొట్టుకుంటున్నారు గానీ, వార్త అంతా లోపలుంది. 7135 అనే కొత్త యంత్రం, అందులో డైనాపల్స్ అనే కొత్త ఎస్కేప్‌మెంట్.

వాచీ గురించి ఏమీ తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. స్ప్రింగు ఒక్కసారిగా విప్పుకుపోకుండా, కొంచెం కొంచెంగా శక్తి వదిలే తాళం లాంటి భాగమే ఎస్కేప్‌మెంట్. ఆ టిక్కు టిక్కు చప్పుడు దానిదే. రెండు వందల యాభై ఏళ్ళుగా వాడుకలో ఉన్న లీవర్ పద్ధతిలో, ఉక్కు చక్రం పళ్ళు ఎర్రటి రూబీ రాళ్ళ మీద రాసుకుంటూ జారతాయి. రాపిడి ఉంటుంది కాబట్టి నూనె కావాలి. నూనె ఎండితే వాచీ వెనకబడుతుంది, బాబాయ్‌కి పని దొరుకుతుంది. రోలెక్స్ కొత్త పద్ధతిలో రెండు సిలికాన్ చక్రాలు వంతులవారీగా ఒక చిన్న ఊగే ముక్కని తోస్తాయి. జారడం తక్కువ, దొర్లడం ఎక్కువ. శక్తి మిగులుతుంది. ఆ మిగిలిన శక్తిని వేగానికి ఖర్చుపెట్టారు. గంటకి 36,000 సార్లు కొట్టుకుంటుంది, అయినా 66 గంటలు ఆడుతుంది. హెచ్ఎంటీ జనతా కొట్టుకునేది గంటకి 18,000 సార్లు. అంటే జనతాలో సెకన్ల ముల్లు సెకనుకి అయిదు గెంతులు వేస్తే ఇందులో పది. అద్దం వెనక ఉన్నది ఆడుతున్న వాచీయే. పది గెంతులు కంటికి విడివిడిగా కనబడవు, గీత గీసినట్టు పోతుంది. బావ వీడియో తీశాడు. పక్కన కొరియా కుర్రాళ్ళు, వాళ్ళ వెనక ఇటాలియన్లు, అందరివీ మోచేతులు.

మధ్యాహ్నం ఎయిర్‌పోర్టు వైపు గట్టు మీద కూర్చుని అక్క కట్టిచ్చిన పులిహోర తిన్నాం. లోపల తిండికి లోటేమీ లేదు గానీ, చేతిలో షాంపేన్ గ్లాసుతో నిలబడి పలకరింపులు మొదలుపెడితే గంట ఎగిరిపోతుంది. మా వెనకనుంచి "ఏ ఊరండీ?" అని వినిపించింది. హైదరాబాద్ నుంచి వచ్చిన వాచీ డీలరు, పులిహోర వాసనకి ఆగారు. ఇద్దరి డబ్బాలో ముగ్గురం తిన్నాం.

ఆయన మాటలు ఆ రోజు విన్నవాటిలో కాస్త వేరుగా ఉన్నాయి. పొద్దుట్నుంచి విన్నదంతా దిగులే. ఆయన మాత్రం హుషారుగా ఉన్నారు. "మొన్నటి దాకా మనకి ఫలానా మోడల్ కావాలంటే ముందు దుబాయ్ వాళ్ళకి ఇచ్చాక చూద్దాం అనేవాళ్ళు. ఈసారి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, మీకెన్ని కావాలి అంటున్నారు" అని నవ్వారు. కారణం లేకపోలేదు. 2024లో స్విస్ వాచీల మొత్తం ఎగుమతులు తగ్గితే, ఇండియాకి వచ్చేవి పాతిక శాతం దాకా పెరిగాయి. చైనాకి అదే మేరకు తగ్గాయి. పైగా స్విట్జర్లాండ్, నార్వే వగైరా నాలుగు దేశాలతో మన దేశం 2024 మార్చిలో వ్యాపార ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం స్విస్ వాచీల మీద కస్టమ్స్ సుంకం ఏడేళ్ళలో మెల్లిగా తీసేస్తారు. "సంతకాలైతే అయ్యాయి, అమలు ఎప్పుడో" అని ఆయన గొణిగారు. అది ఆ అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆయన ముఖం అప్పుడు చూసి ఉండాల్సింది.

ఫేవర్ లూబా సంగతి కూడా ఆయనే ఎత్తారు. మన తాతల పెళ్ళి ఫొటోల్లో చేతికి కనిపించే వాచీ అది. 1737 నాటి స్విస్ పేరు, 1865 నుంచే ఇండియాలో వ్యాపారం. చాలా ఏళ్ళు మూలన పడి, టైటన్ చేతికి వచ్చి, 2023లో ఇంకో భారతీయ సంస్థకి చెందిన స్విస్ కంపెనీకి చేరింది. 2024 ఆగస్టులో జెనీవాలోనే, వేరే ప్రదర్శనలో మళ్ళీ వెలుగు చూసింది. వాళ్ళ పాత సీ కింగ్ మోడల్ ఎవరి దగ్గరైనా ఉంటే పారేయకండి అన్నారాయన. మా బృందంలో ఉన్నవాళ్ళు ఎలాగూ పారేయరు. డయల్‌కి రంగు వేయించి చెడగొడతారంతే.

మధ్యాహ్నం వరసగా మూడు చోట్లకి పరుగు. వాషెరాన్ కాన్‌స్టాంటిన్ దగ్గర సోలారియా చూశాం. 1755లో మొదలైన కంపెనీ, 270 ఏళ్ళ పండక్కి తెచ్చిన వాచీ. ఒకే చేతి వాచీలో 41 పనులు, 1,521 భాగాలు, ఎనిమిదేళ్ళ శ్రమ, కేసు 45 మి.మీ. అంతే. సూర్యుడి ఎత్తు, అలల పోటు, గంటలు కొట్టడం, నక్షత్రం కనిపించే వేళ, ఇంకా ఏవేవో. గాజు పెట్టె లోపల ఉంది, ముట్టుకునే మాటే లేదు. పంచాంగం మొత్తం చేతికి కట్టుకోవాలని ఎవరికి ఉంటుందో గానీ, చేసినవాడికి దణ్ణం పెట్టాలి. ఇక్కడ ఎక్కువసేపు నిలబడలేదు. అంత పనితనాన్ని పది నిమిషాల్లో చూసి రాయడం కంటే రాయకపోవడమే మర్యాద.

యులిస్ నార్డాన్ వాళ్ళ డైవర్ ఎయిర్ ఇందుకు పూర్తిగా తిరగబడ్డ రకం. నీళ్ళలో దిగేవాళ్ళ వాచీ అంటే బరువుగా ఉండాలని మన మనసులో ఉంటుంది. ఇది పట్టాతో కలిపి 52 గ్రాములు. కట్టుకుని నోట్సు రాసుకుంటూ, కట్టుకున్న సంగతి మర్చిపోయి లేచి నిలబడ్డాను. ఆ గదిలో కాపలా మనిషి నవ్వుతూ తలుపుకి అడ్డం వచ్చాడు. బరువే ఖరీదు అనుకునే మా పెదనాన్నలకి ఇది అమ్మాలంటే ఆ సేల్స్‌మన్ మళ్ళీ పుట్టాలి.

మూడోచోట ప్రపంచ గడియారం ఒకటి. చుట్టూ ఇరవై నాలుగు ఊళ్ళు, ఏ ఊరు చూస్తే ఆ ఊరి టైమ్. నేను ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాను: "ఇండియా ఎక్కడండీ?" అతను కరాచీకీ ఢాకాకీ మధ్య వేలు పెట్టి, భుజాలు ఎగరేశాడు. మన అరగంట వీళ్ళకి ఎప్పుడూ తలనొప్పే. గంటకొకటి చొప్పున ఉన్న ఇరవై నాలుగు గళ్ళలో, గ్రీన్‌విచ్ కంటే అయిదున్నర గంటలు ముందుండే మన టైమ్ పట్టదు. పట్టించాలని ఉంటే పట్టించొచ్చు. వాషెరాన్ వాళ్ళే 2011లో అరగంటలూ పావుగంటలూ కలిపి 37 జోన్ల వాచీ చేశారు. నూట నలభై కోట్ల మంది టైమ్‌ని వదిలేసి మిగతాదానికి ప్రపంచం అని పేరు పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ముప్పై వేల ఫ్రాంకుల వాచీలోనైనా సరే.

సాయంత్రం అయ్యేసరికి కాళ్ళు పీకడం మొదలైంది. హాళ్ళలో మెత్తటి కార్పెట్ ఉన్నా కింద కాంక్రీటే కదా. ఆఖరి గంట స్వతంత్రంగా వాచీలు చేసేవాళ్ళ కోసం అట్టేపెట్టుకున్నాం. పెద్ద బ్రాండ్ల మేడల మధ్య కారే దెజోర్లోజే అనే భాగం ఉంటుంది, చిన్న చిన్న కంపెనీలకి. ఇక్కడ సూటు మనిషి, తెర మీద బొమ్మలు ఉండవు. వాచీ చేసినవాడే ఎదురుగా కూర్చుంటాడు. ఒకాయన చేతి గోళ్ళలో నల్లటి మడ్డి ఇంకా పోలేదు. ఆయన తన వాచీ వెనక్కి తిప్పి, ఒక వంతెన (లోపలి చక్రాలని పట్టి ఉంచే పలక) అంచు చూడమని కంటికి పెట్టుకునే భూతద్దం నా చేతికిచ్చారు. ఆ అంచుని వాలుగా అరగదీసి, అద్దంలా మెరిసేలా చేశారు. రెండు వాలు అంచులు లోపలి వైపు కలిసే మూల సూదిమొనలా ఉంది. యంత్రం మీద తిరిగే కట్టర్ లోపలి మూలని గుండ్రంగానే వదులుతుంది. మొనలా రావాలంటే చేత్తో, కర్రపుల్లతో, పేస్టుతో గంటల తరబడి రుద్దాలి. "ఈ ఒక్క మూలకి ఎంతసేపు పట్టింది?" అంటే, "బాగా వచ్చినరోజు ఒక పూట" అన్నారు.

కీ ఇవ్వమని వాచీ నా చేతిలో పెట్టారు. పొద్దుట్నుంచి ఎవరూ ఇవ్వని చనువు అది. కీ తిప్పుతుంటే ఒక్కో పన్నూ వేలికి తెలుస్తూ ఎక్కింది. కొన్నిటి కీ ఇసుకలో తిప్పినట్టు కరకరమంటుంది, కొన్నిటిది అసలేమీ తెలియదు. ఇది ఆ రెండిటికీ నడుమ. ఏ ఫొటోలోనూ పడనిది, ఏ ప్రకటనలోనూ రాయనిది ఇదే. ఈ వేలికి తెలిసేదాని కోసమే నేను సెలవు పెట్టుకుని ఇంత దూరం వెళ్ళేది. డయల్ ఫొటోలు ఇంట్లో కూర్చున్నా వస్తాయి, మాకంటే బాగా తీసినవి, మాకంటే ముందే.

సుంకాల గురించి ఆయన్నీ అడిగాం. ఏడాదికి చేసేదే పాతికో ముప్పయ్యో, అందులో సగం అమెరికాకే. "కొనేవాళ్ళు ఇంకా ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు" అన్నారు. (తర్వాత వారంలోనే దాన్ని తొంభై రోజులు ఆపారు. ఆగస్టులో 39 శాతం అన్నారు. నవంబర్‌లో 15కి దిగొచ్చారు. ఆ రోజు ఇదేదీ ఎవరికీ తెలియదు.)

గురువారం రాత్రి ఊళ్ళో వాచీ దుకాణాలు ఆలస్యంగా మూస్తారు, పాటలూ సందడీ ఉంటాయి. మేం వెళ్ళలేదు. అన్నెమాస్ గదిలో బావ మెమరీ కార్డులు ఖాళీ చేస్తుంటే నేను కందిపొడి అన్నం కలిపాను. పదకొండు వందల పైచిలుకు ఫొటోలు. పనికొచ్చేవి అరవై. ఫొటో ఒకటి బాగుందంటే దాని గ్లాసు మీద నా ముక్కు నీడ ఉంటుంది. దుమ్ము ఒక్కో చుక్కా చెరుపుతూ కూర్చుంటే ఒంటి గంట అయింది. ధరలు, కొలతలు బ్రాండు ఇచ్చిన కాగితంతో మళ్ళీ సరిచూసుకున్నాను. పొద్దున్న రాసుకున్నదాంట్లో సగం నా రాత నాకే అర్థం కాదు.

బృందంలో పెట్టేసరికి మన దగ్గర తెల్లవారుజాము. అయినా జవాబులు మొదలయ్యాయి. హ్యూస్టన్ డాక్టరుగారు ల్యాండ్-డ్వెల్లర్ వెయిటింగ్ లిస్టు ఎంతో అడిగారు. విశాఖ కుర్రాడు 1.85 మి.మీ. దాని మీద బస్సెక్కితే ఏమవుతుందని అడిగాడు. కర్నూలు మాస్టారు ఇందులో యాభై వేల లోపు ఏమైనా ఉందా అన్నారు. లేదు. ఆ సంతలో లేదు.

ఆరింటికి బాబాయ్ లేచారు. టీ తాగి, అన్నీ చూసినట్టున్నారు, ఒక వాయిస్ మెసేజ్ పెట్టారు. గ్రాండ్ సీకోలో సరిచేసుకునే మీట పెట్టినవాడు బుద్ధిమంతుడన్నారు. ఆ లోపలి మూల ఫొటో రెండుసార్లు పెద్దది చేసి చూశానన్నారు, అంతకు మించి ఆయన ఎవర్నీ మెచ్చుకోరు. తర్వాత రోలెక్స్ దగ్గరికొచ్చారు. "సిలికానంటున్నావు. రాపిడి తక్కువన్నావు, బాగుంది. అది గాజు లాంటిదే కదా నాయనా, వంగదు, విరుగుతుంది. ఉక్కు పన్ను వంగితే నేను సరిచేస్తాను. ఇది విరిగితే ఎవరు చేస్తారు?"

కంపెనీయే మార్చాలి. బయట ఆ ముక్క దొరకదు, చేత్తో చేసేదీ కాదు. ఇంకో యాభై ఏళ్ళకి, ఆ వాచీ మనవడి చేతికి వచ్చాక, కంపెనీ దగ్గర ఆ ముక్క ఉంటుందా అన్నది అసలు ప్రశ్న. పొద్దుట్నుంచి విన్న ప్రెజెంటేషన్లలో ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు, నేనూ అడగలేదు. మర్నాడు శుక్రవారం మాకు సిలికాన్ భాగాలు వాడే బ్రాండ్లు రెండు ఉన్నాయి. నోట్‌బుక్‌లో మొదటి ప్రశ్నగా బాబాయ్ మాట రాసుకుని, అలారం పెట్టుకున్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: బ్యాడ్జి లేకపోయినా ఆఖరి మూడు రోజులు అందరినీ రానిస్తారు. 2025లో టికెట్ 70 ఫ్రాంకులు, 23 వేల దాకా అమ్ముడయ్యాయి. ట్రేలోవి చేతికి పెట్టుకోవడం అందరికీ కుదరదు గానీ, అద్దాల్లో అన్నీ చూడొచ్చు, స్వతంత్రుల దగ్గర మాట్లాడొచ్చు. 2026 సంత తేదీలు ఏప్రిల్ 14 నుంచి 20 దాకా, ఆ ఏడాది జాబితాలో ఔడెమార్ పిగే బ్రాండు కూడా ఉంది. గది అన్నెమాస్‌లో తీసుకోండి, జోళ్ళు పాతవే వేసుకోండి.